ముందు పరిగెత్తేవాడే

ఆగస్టు 3, శనివారం

లీగు నడిపే హాచర్ ఫోన్ చేశాడు. ఆటగాళ్ళని పంచుకునే డ్రాఫ్టు ముప్పై ఒకటో తారీఖున, ఎప్పటిలాగే సాల్ పడవల షెడ్డులో. మొదటి వంతు మా వెండెల్‌ది. నిరుడు అట్టడుగున వచ్చినవాడికి ఈ ఏడు మొదటి వంతు ఇవ్వడం వాళ్ళ న్యాయం.

పన్నెండు మంది పెద్ద మగాళ్ళు, సగం మందికి మోకాళ్ళు వంగవు, ఒకచోట చేరి టీవీలో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళని పేరు పేరునా పంచుకుంటారు. ఈ పరిగెత్తేవాడు నావాడు, ఆ బంతి పట్టేవాడు నీవాడు. ఇక క్రిస్మస్ దాకా ఆ కుర్రాళ్ళు మైదానంలో ఎంత ఆడితే వీళ్ళ కాగితపు జట్లకి అన్ని పాయింట్లు. దీనికి ఫాంటసీ ఫుట్‌బాల్ అని పేరు. బొమ్మల పెళ్ళికి నిజం పందిరి వేసినట్టే ఉంటుందని పెళ్ళయినప్పటి నుంచి వెండెల్‌ని ఏడిపిస్తూనే ఉన్నాను.

ఈ ఏడు మాత్రం ఆ ఆటగాళ్ళ వివరాలుండే పత్రిక నేనే కొనుక్కొచ్చాను. వెండెల్‌కి చిన్న అక్షరాలు చదువుతుంటే కళ్ళు లాగుతున్నాయి. అంతే.

ఆగస్టు 5

నిరుడు అట్టడుగున రావడం ఉత్త దురదృష్టం. ఎవరికైనా జరిగేదే.

ఆగస్టు 8, గురువారం

నిరుటి సంగతి ఇంకొంచెం రాయాలి, లేకపోతే నాకు నేనే అబద్ధం చెప్పుకున్నట్టుంటుంది. వెండెల్ జట్టులో ఒకడికి అక్టోబరులో కాలు విరిగింది. ఆట మానేసినవాణ్ణి పక్కన పెట్టి ఇంకొకణ్ణి దించాలి. వెండెల్ దించలేదు. నవంబరు మొత్తం ఆ కాలు విరిగినవాడినే ఆడించాడు. సాల్ పెట్రెల్లా ఊరంతా చెప్పుకుని నవ్వాడు. నేను "పాపం, వాడి మీద నమ్మకం" అన్నాను. వెండెల్‌ది మొదటి నుంచీ అలాంటి మనసే.

ఇవాళ రేవు దగ్గర, పడవలకి దారిస్తూ పైకి లేచే వంతెన ముందు కారు ఆపాడు. వంతెన దిగే ఉంది. ఎర్ర లైటు లేదు, పడవ లేదు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. "దిగనీ, తొందరేముంది" అన్నాడు. ఆ వంతెన పక్కనే బొగ్గు రేవులో ఇతను ఉద్యోగం మొత్తం చేశాడు. నేను "దిగింది, పద" అన్నాను. సరే పద అని పోనిచ్చాడు.

ఎండ ఎక్కువగా ఉంది ఇవాళ.

ఆగస్టు 11, ఆదివారం

చర్చిలో ఆర్గాన్ వాయించి వచ్చి, కాఫీ పెట్టుకుని, పత్రిక ముందేసుకుని కూర్చున్నాను. మొదటి వంతుకి ఎవరిని తీసుకోవాలి? పేరు కాదు, ముందు స్థానం తేల్చుకోవాలట. బంతి విసిరేవాణ్ణి ముందు తీసుకునేవాడు తెలివితక్కువవాడని పత్రిక, వెండెల్ ఇద్దరూ ఒప్పుకుంటారు. అలాంటి వాళ్ళు చాలామంది దొరుకుతారు. తగాదా అంతా మిగతా ఇద్దరి గురించే. పరిగెత్తేవాడా, పట్టేవాడా?

పత్రిక పట్టేవాణ్ణే తీసుకోమంటోంది. పరిగెత్తేవాళ్ళు తొందరగా అరిగిపోతారట, ప్రతి ఆటలోనూ అందరూ వాళ్ళ మీదే పడతారు కాబట్టి. పట్టేవాడు నిలుస్తాడట. జమార్ విట్‌లో అని ఒకడున్నాడు, వాడి ఫోటో పక్కన నక్షత్రాలే నక్షత్రాలు.

వెండెల్‌కి చదివి వినిపించాను. టోస్టు మీద వెన్న రాసుకుంటూ విన్నాడు.

"పత్రికలోవాడు ఎప్పుడైనా బంతి మోశాడా?" అన్నాడు.

"నువ్వు మోశావా?"

"హైస్కూల్లో మోశాను. చూడు నోరీన్, పట్టేవాడికి ముందు ఎవడో విసరాలి. ఆ విసిరేవాణ్ణి ఎవడూ పడగొట్టకూడదు. గాలి ఉండకూడదు, వాన ఉండకూడదు. నవంబరులో మన సరస్సు మీంచి వచ్చే గాలి నీకు తెలియదా? పరిగెత్తేవాడికి అవేం అక్కర్లేదు. బంతి చేతిలో పెట్టు చాలు, మిగతాది వాడు చూసుకుంటాడు. ముందు పరిగెత్తేవాడే."

ఎంత చక్కగా చెప్పాడు! ఒక్క మాట తడబడలేదు. నా అనుమానాలకి నాకే సిగ్గేసింది.

ఆగస్టు 14

అయినా ఆ జమార్ విట్‌లో అనేవాణ్ణి తీసుకోవడమే మంచిదనిపిస్తోంది. లెక్కలన్నీ అటే చెబుతున్నాయి. మొదటి వంతులో అందరూ మెచ్చుకునేవాణ్ణి తీసుకుంటే నిరుటి సంగతి ఎవరూ ఎత్తరు. షెడ్డులో పదకొండు మంది ముందు నిలబడి వెండెల్ "జమార్ విట్‌లో" అనాలి. అంతే కావలసింది.

పొద్దున చెప్పాను. మధ్యాహ్నం అడిగితే "ఎవరూ?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. రాత్రి భోజనాల దగ్గర అడిగితే పళ్ళెం తోసేసి లేచి వెళ్ళిపోయాడు.

ఆగస్టు 15

ఇవాళ అడగలేదు.

ఆగస్టు 19, సోమవారం

సాల్ వచ్చాడు, బకెట్టులో పెర్చ్ చేపలతో. వెండెల్, సాల్ ఒకే రోజు రేవులో చేరారు, ఒకే రోజు మానేశారు. ఒకడి పళ్ళెంలో ముక్క ఇంకొకడు లాక్కుంటేగానీ ఇద్దరికీ అన్నం అరగదు. వెండెల్‌కి మిగిలింది ఆ షెడ్డు, ఆ పన్నెండు మంది, అందరిలోకీ ముఖ్యంగా ఈ సాల్. వీళ్ళు పక్కన పెడితే వెండెల్ ఇంకెక్కడికి పోతాడు? నేను కంగారు పడేది ఆట గురించి కాదు. ఇంత చిన్న సంగతి రాయడానికి ఇన్ని రోజులు పట్టింది నాకు.

"ఒరేయ్ వెండెల్, మొదటి వంతు కోసం కావాలనే ఓడిపోయావు కదరా దొంగా!" అన్నాడు సాల్ మెట్ల మీద నుంచే. "ఎవరిని లాగుతున్నావు? టెరిల్ బూన్‌ని మాత్రం నాకొదిలెయ్. మా అమ్మాయి పెళ్ళికి కూడా నేనింత ఆశపడలేదు."

వెండెల్ నవ్వుతూ నావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు.

"చెబుతాడనుకున్నావా? నోరు కట్టేసుకున్నాడు. నాకే చెప్పడం లేదు" అన్నాను.

"నువ్వెప్పటి నుంచి వీడికి వకీలువయ్యావు నోరీన్?" అన్నాడు సాల్. నవ్వుతూనే అన్నాడు. చేపలు శుభ్రం చేస్తున్నంతసేపూ మాత్రం ఇంకేం మాట్లాడలేదు. సాల్ ఊరికే ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

చేపల వాసన పడలేదేమో.

ఆగస్టు 22

నిర్ణయించాను. పరిగెత్తేవాణ్ణే తీసుకుందాం.

విట్‌లో అనేది కొత్త పేరు, నిలవదు. పరిగెత్తేవాణ్ణి ముందు తీసుకోవడం వెండెల్‌కి ఒంట్లో ఉన్న అలవాటు. అలవాటు మనిషిని చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. ఇప్పటికీ చీకట్లో లైటు వేయకుండా మేడ మీదికి వెళ్ళగలడు, ఒక్క మెట్టు తప్పడు. బూన్ అనేది చిన్న పేరు. పరిగెత్తేవాళ్ళలో వాడే మొదటివాడని పత్రిక కూడా అంటోంది. కాబట్టి నేనేం వెండెల్ కోసం తగ్గి ఆలోచించడం లేదు. ఇది కూడా మంచి ఎంపికే.

చెప్పగానే వెండెల్ మొహం విప్పారింది. "నే మొదటి నుంచీ అదే చెబుతున్నా కదా!"

ఆగస్టు 26, సోమవారం

"ముందెవరు?"

"పరిగెత్తేవాడు."

"ఎవడు?"

"బూన్."

గిన్నెలు తోముతూ అడిగాను, కారులో అడిగాను, నిద్ర లేవగానే అడిగాను. ఒక్కసారి కూడా తప్పలేదు. చూశావా, బెంగంతా నాదే!

ఆగస్టు 30

యాలకుల రొట్టెలు చేశాను, రేపు షెడ్డుకి తీసుకెళ్ళడానికి. ఆడవాళ్ళెవరూ వెళ్ళరు. వెండెల్‌కి కళ్ళు లాగుతున్నాయి కాబట్టి కారు నేను నడుపుతున్నానని హాచర్‌కి చెప్పాను. "మంచిది, మంచిది, రా" అన్నాడు హాచర్. ఏం కళ్ళు, ఏమైంది అని అడగలేదు.

ఆగస్టు 31

ఇవాళ రాయను.

సెప్టెంబరు 1, ఆదివారం

ఇవాళ ఆర్గాన్‌కి వేరేవాళ్ళని చూసుకోమన్నాను.

నిన్న షెడ్డులో గోడకి పెద్ద అట్ట కొట్టారు. పన్నెండు పేర్లు పైన, కింద ఖాళీ గళ్ళు. ఆటగాళ్ళ పేర్లన్నీ అచ్చేసిన స్టిక్కర్లు బల్ల మీద పరిచారు, పరిగెత్తేవాళ్ళవి ఆకుపచ్చ, పట్టేవాళ్ళవి పసుపు. వంతు వచ్చినవాడు లేచి, గట్టిగా పేరు చెప్పి, స్టిక్కరు ఊడదీసి తన గడిలో అంటించాలి. పిచ్చి ఎంపిక చేస్తే తక్కినవాళ్ళంతా షెడ్డు రేకుల మీద అరచేతులతో బాదుతూ కేకలేస్తారు. ఒకసారి మా వీధి చివరికి వినిపించింది. ఆ బాదుడు మొదలుపెట్టేది ఎప్పుడూ వెండెల్, కాకపోతే సాల్.

నేను గుమ్మం దగ్గర రొట్టెలు కోస్తూ నిలబడ్డాను. హాచర్ కళ్ళజోడు సర్దుకుని "మొదటి వంతు, వెండెల్ లాహ్టీ" అన్నాడు.

వెండెల్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. లేచాడు. నడుము నిటారుగా పెట్టి, నావైపు చూడకుండా, రేవులో క్రేను మీద నుంచి అరిచే గొంతుతో చెప్పాడు. "ముందు పరిగెత్తేవాడే. ఆర్లిస్ గ్రేడీ!"

ఆర్లిస్ గ్రేడీ. వెండెల్‌ని మొదటిసారి గెలిపించినవాడు. ఆ కుర్రాడు ఆట మానేసి ఎన్నేళ్ళయిందో! ఇప్పుడు వాడికి బట్టతల, టీవీలో ట్రక్కులు అమ్ముతాడు.

వెండెల్ బల్ల మీద ఆకుపచ్చ స్టిక్కర్లు వెతుకుతున్నాడు. ఒక వరస చూసి, మళ్ళీ మొదటికి వచ్చాడు. "గ్రేడీది వెయ్యడం మర్చిపోయారు హాచర్. డబ్బులు తీసుకుంటారు, పని చెయ్యరు" అన్నాడు.

రేకుల మీద దెబ్బ పడుతుందని చెవులు మూసుకుందామనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. పదకొండు మంది తమ తమ కాగితాల్లోకి చూసుకుంటున్నారు. హాచర్ ఒక ఖాళీ స్టిక్కరు తీసి, పెన్నుతో గ్రేడీ అని రాసి, "ఇదిగో వెండెల్" అని చేతికిచ్చాడు. వెండెల్ అంటించి, వచ్చి కూర్చున్నాడు. నేను కొయ్యాల్సిన రొట్టెలు అయిపోయినా చాకు కింద పెట్టలేదు.

రెండో వంతు సాల్‌ది. బూన్ స్టిక్కరు బల్ల మీద అందరికంటే పైన ఉంది. సాల్ దాని వైపు చూడనైనా చూడకుండా పసుపుది తీసుకున్నాడు. మూడోవాడూ పసుపే. నాలుగోవాడు బూన్ పక్కనున్నవాణ్ణి. అలా చివరి దాకా వెళ్ళింది. వాళ్ళ పద్ధతిలో వరస పాములా మెలిక తిరుగుతుంది, మొదట తీసుకున్నవాడికి రెండో చుట్టులో ఆఖరి వంతు. చివరివాడి నుంచి మళ్ళీ ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. నాకు అర్థమైంది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే అందరూ ఒక మాట మీద ఉన్నారు. మళ్ళీ సాల్ వంతు వచ్చింది. సాల్ ఎవరో అనామకుణ్ణి తీసుకున్నాడు.

"వెండెల్" అన్నాడు హాచర్.

వెండెల్ బల్ల దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

"బూన్ ఇంకా ఉన్నాడు" అన్నాడు.

"నీ అదృష్టం బావుంది" అన్నాడు హాచర్.

వెండెల్ బూన్‌ని అంటించాడు. తర్వాత చుట్లలో నేను పక్కన నిలబడి చెబుతుంటే అంటించాడు. ఎవరూ ఎవరినీ ఏడిపించలేదు. నా రొట్టె చాలా బావుందని ప్రతి ఒక్కరూ అన్నారు.

ఇంటికి వస్తూ వంతెన దాటాక అన్నాడు. "బూన్‌ని ఎవరూ తీసుకోలేదు నోరీన్."

"అదృష్టం" అన్నాను.

"సాల్ కూడా తీసుకోలేదు. సాల్!" కిటికీ వైపు తిరిగాడు. "నేను చచ్చానని చెప్పినా శవపేటిక దగ్గరికొచ్చి 'బూన్‌ని నాకిస్తావా' అని అడిగేవాడు వాడు."

నేను కారు నడుపుతున్నాను.

"గ్రేడీ ఇప్పుడు ఆడటం లేదు కదూ?"

"లేదు."

"వాళ్ళు బాదలేదు. పిచ్చి ఎంపిక చేస్తే బాదుతాం. నా విషయంలో బాదలేదు." నావైపు తిరిగాడు. "వాళ్ళకి ఎప్పటి నుంచి తెలుసు?"

"నాకు తెలియదు వెండెల్. దేవుడి తోడు, వాళ్ళకి తెలుసని నాకు తెలియదు."

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

కారు పక్కకి ఆపాను. నిరుడు అక్టోబరు నుంచి అని చెప్పాను. కాలు విరిగినవాడి దగ్గర నుంచి అని చెప్పాను. ఇన్నాళ్ళూ ఈ డైరీకి కూడా చెప్పని మాట. కళ్ళు లాగడం కాదు, ఎండ కాదు, దురదృష్టం కాదు. వెండెల్‌కి మతి పోతోంది.

వెండెల్ ఏడవలేదు. నేనే ఏడ్చాను. "నాకూ తెలుసు. నువ్వు భయపడతావని ఊరుకున్నా" అన్నాడు.

సెప్టెంబరు 3, మంగళవారం

సాల్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని వరండాలోనే నిలబడ్డాడు, ఎవరో పోయిన ఇంటికి వచ్చినట్టు. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

"ఎందుకు బాదలేదు సాల్?" అన్నాను.

"చెయ్యి లేవలేదు." గొంతు తగ్గించాడు. "మే నెలలో చేపలకి వెళ్ళినప్పుడు రేవు ఎటు అని నన్నడిగాడు నోరీన్. రేవు! నీకు చెప్పాలనే అనుకున్నా. నీకు తెలియదేమో, నేను చెప్పి నీ గుండె పగలగొట్టడం ఎందుకని..."

అతను నా కోసం దాచాడు. నేను అతని నుంచి దాచాను. ఇద్దరం కలిసి వెండెల్‌ని మధ్యలో ఒంటరిగా నిలబెట్టాం.

వెండెల్ లోపలి నుంచి వచ్చాడు. "ఒరేయ్, బూన్‌ని వెనక్కి తీసుకెళ్ళు" అన్నాడు.

"అదేంట్రా, వాడు నీవాడు."

"ఆడనివాణ్ణి ఎంచుకుంటే ఆ వంతు పోయినట్టే. ఆ నియమం పెట్టింది నేను. హాచర్ కంటే ముందు లీగు నడిపినవాణ్ణి నేను. నా మొదటి వంతు పోయింది. మీరంతా వదిలేసినందుకు నా దగ్గరికొచ్చాడు బూన్. ముష్టి నాకొద్దు."

"ముష్టి ఎవడు వేశాడ్రా!" సాల్ చేతిలో టోపీ నలిపేశాడు. "నలభై ఏళ్ళు నీ పక్కన నిలబడి పనిచేశాను. ఒక్క కుర్రాణ్ణి నీకొదలకూడదా?"

"కూడదు. నువ్వు వదిలావంటే నేను నీ ముందు లేనట్టే లెక్క." వెండెల్ అతని దగ్గరికి వెళ్ళి టోపీ లాక్కుని అతని నెత్తిన పెట్టాడు. "నేనింకా ఇక్కడే ఉన్నాను సాల్. రోజూ కొంచెం తక్కువ ఉంటానేమో. ఉన్నంతమేరకు నన్ను ఓడించు."

సాల్ వరండా మెట్ల మీద కూర్చుండిపోయాడు. వెండెల్ పక్కనే కూర్చున్నాడు. నేను లోపలికి వచ్చేశాను.

వెళ్ళేటప్పుడు సాల్ గేటు దగ్గర నుంచి అరిచాడు. "బూన్ నావాడైతే నీ పని అయిపోయినట్టేరా ముసలోడా!"

"చూద్దాం రారా!" అని వెండెల్ ఇక్కడి నుంచి అరిచాడు.

సెప్టెంబరు 5

డాక్టరు ఫోను నంబరు ఫ్రిజ్ మీద చాలాకాలంగా ఉంది. ఇవాళ చేశాను. ఇరవై నాలుగున రమ్మన్నారు.

సెప్టెంబరు 8, ఆదివారం

మొదటి ఆటలు. వెండెల్ జట్టు చిత్తుగా ఓడిపోయింది, సాల్ చేతిలోనే. బూన్ మూడుసార్లు బంతితో మైదానం చివరి గీత దాటాడు. దాటిన ప్రతిసారీ సాల్ ఫోన్ చేసి వెక్కిరించాడు. వెండెల్ అతన్ని నేను ఇక్కడ రాయలేని మాటలన్నాడు. వెండెల్ ఇంత హాయిగా నవ్వడం ఈ ఏడాదిలో నేను చూడలేదు.

ఆట అయ్యాక టీవీ ఆపేసి నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. "నేను తప్పు మాట్లాడితే నువ్వు కూడా వదిలెయ్యకు. సరే సరే అనకు. తప్పని చెప్పు. ప్రతిసారీ."

"ప్రతిసారీనా? నీకు కోపమొస్తుంది."

"వస్తుంది. అయినా చెప్పు."

మాటిచ్చాను. ఇచ్చేటప్పుడు పెద్ద కష్టమనిపించలేదు.

సెప్టెంబరు 12, గురువారం

పొద్దున టిఫిన్ దగ్గర వెండెల్ మర్యాదగా, కొత్తవాళ్ళతో మాట్లాడే గొంతుతో నన్నడిగాడు. "నోరీన్ చర్చికి వెళ్ళిందాండీ?"

వెళ్ళింది, వచ్చేస్తుంది అనడం ఎంత తేలిక! నోటి దాకా వచ్చింది.

"నేనే నోరీన్‌ని వెండెల్" అన్నాను.

నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. భయం వేసినట్టుంది మొదట. తర్వాత కోపం. కుర్చీ వెనక్కి జరిగింది, లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. నేను చూపు తిప్పుకోలేదు. కాసేపటికి భుజాలు కిందికి దిగాయి.

"చెప్పావు. మంచి పని చేశావు" అన్నాడు.

వెన్న గిన్నె నావైపు జరిపాడు. ఇద్దరం తిన్నాం.